కీలో లేని అవ్వ

మా ఐదో తరగతి గోడ మీది చార్టు ఊడదీసేటప్పుడు సెలోటేపుతో పాటు సున్నం పెచ్చు కూడా లేచి వచ్చింది. కింద ఎర్ర ఇటుక కనిపించింది. వెంటనే దాని మీద ఒక ప్లాస్టిక్ పోస్టర్ అంటించారు కాబట్టి ఆ ఇటుక ఇప్పుడు ఎవరికీ కనిపించదు.

ఆ చార్టు నేను చేసింది. చార్టు అనడం కూడా ఎక్కువే. పాత పెళ్లిపత్రికల వెనక తెల్లగా ఉన్న వైపు చీటీలుగా కత్తిరించి, మాటలు రాసి అంటించినది. తరగతిలో ఏ కథ చదివినా చివర పిల్లలను ఒకటి అడిగేదాన్ని: "దీన్ని మీ ఇంట్ల ఏమంటరు?" పుస్తకంలో బంగాళాదుంప అని ఉంటే ఆలుగడ్డ అని అరిచేవాళ్లు. గోంగూర అంటే పుంటికూర. మజ్జిగ అంటే సల్ల. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు మాత్రం "మేం మజ్జిగే అంటాం టీచర్" అని చిన్నబుచ్చుకునేవాళ్లు. వాళ్ల ఇళ్ల మాటలకు వేరే చీటీలు ఉండేవి. దిబ్బరొట్టె అనే మాట మా వైపు పిల్లలు అంతకు ముందు విని ఉండలేదు. అన్నీ గోడెక్కేవి. సొంతంగా కథ రాసేటప్పుడు పిల్లలు ఆ గోడ వైపు చూసి ఏ మాట కావాలంటే ఆ మాట తీసుకునేవాళ్లు.

నా దగ్గర ఉన్న బోధనా సామగ్రి అంటే అదీ, ఇంకొక గుడ్డసంచీ. సంచిలో ఒంటి చెప్పు, చెవి లేని తాళం, సగం చిరిగిన బస్సు టికెట్, మూత పోయిన టిఫిన్ డబ్బా, ఇట్లాంటివి ఉండేవి. ఒక పిల్లో పిల్లవాడో కళ్లు మూసుకుని చేయి పెట్టి ఒకటి తీయాలి. అది ఎవరిది, ఇక్కడికి ఎట్లా వచ్చింది, ముందు నోటితో చెప్పాలి, తర్వాత రాయాలి. కథ మధ్యలో నాదర్‌గుల్ నుంచి లేచిన చిన్న శిక్షణ విమానం మా మేడ మీదుగా పోతే అందరూ కిటికీ దగ్గరికి పరిగెత్తేవాళ్లు. నేను ఆపేదాన్ని కాదు. తిరిగి వచ్చి కూర్చున్నాక కథలోకి విమానం కూడా వచ్చేది.

మాది కొత్తపేటలో రెండు హాస్టళ్ల మధ్య ఇరుక్కున్న ఇంగ్లిష్ మీడియం బడి. తెలుగు పీరియడ్ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఉంటుంది. పిల్లలకు నిద్రొచ్చే వేళ, లెక్కల వాళ్లకూ సైన్సు వాళ్లకూ అక్కర్లేని వేళ. ఎవరికీ పట్టని పీరియడ్ కాబట్టే అందులో నాకు నచ్చింది చేసుకోగలిగాను. పెద్దవాళ్ల ముందు నా గొంతు పెగలదు. మా అమ్మ ఎప్పుడూ అంటుంది, "దేవుడు నీకు నోరియ్యలె, పెన్నిచ్చిండు" అని. స్టాఫ్ మీటింగుల్లో నేను చెప్పాల్సినవన్నీ ఇంటికి వచ్చి డైరీలో చెప్పుకుంటాను. పిల్లల ముందు మాత్రం అట్లా ఉండేది కాదు. వాళ్ల ముందు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

కథల కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. అక్కడ కుర్చీలన్నీ ఉద్యోగపరీక్షలకు చదివేవాళ్లవే. పొద్దున్నే వచ్చి సంచులు పెట్టి సీటు పట్టుకుంటారు. పిల్లల పుస్తకాలు అందరికంటే కింది అరలో, వాళ్ల కాళ్ల వెనక ఉంటాయి. నేను వంగి తీస్తుంటే అక్కడి ఉద్యోగి ప్రతిసారీ, "మేడం, గ్రూప్స్ బుక్కులు గటు సైడు" అనేవాడు. కూర్చునే చోటు లేక నిలబడే కథలు రాసుకుని తెచ్చుకునేదాన్ని.

ఇంతలో కిట్ వచ్చింది.

ఒక కంపెనీ తయారుచేసిన కథల కిట్ అది. దానిలో ప్లాస్టిక్ పోస్టర్లు, చదివి అర్థం చేసుకునే పాఠాల వర్క్‌షీట్లు, కథ రాసే వర్క్‌షీట్లు, టీచర్‌కు ఒక గైడు, అన్నింటికీ కలిపి ఒక కీ. పోటీపరీక్షల పుణ్యమా అని మా పేటలో కీ అంటే తెలియనివాళ్లు లేరు. జవాబు తప్పా ఒప్పా అని తెలుసుకోవడానికి ఎవరూ పుస్తకం తీయరు, కీ చూస్తారు. కిట్‌ను ముందు ఇంగ్లిష్‌లో రాసి తర్వాత తెలుగు చేశారు. "మీ పాత్ర ఏ విధంగా అనుభూతి చెందుతుంది?" అని ఒక ప్రశ్న. ఆ వాక్యం తెలుగు లిపిలో ఉంది, తెలుగులో లేదు.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన యువకుడు గోడకు పోస్టర్ తగిలించాడు. దాని పేరు కథా పర్వతం. పిల్లలు కింద మొదలుపెట్టాలి, సమస్య దగ్గర శిఖరం ఎక్కాలి, పరిష్కారంతో దిగాలి, దిగాక నీతి అనే గడిలో కూర్చోవాలి. నా పక్కన కూర్చున్న సైన్సు మేడం నా చెవిలో అంది:

"గీ పర్వతం ఎక్కెటందుకు ఆక్సిజన్ సిలిండర్ గూడ కిట్లనే ఇస్తరా?"

నాకు నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాను. ఆ యువకుడు నా వైపు చూసి, "మేడం, ఏదో అడగాలనుకుంటున్నారు" అన్నాడు. ఏమీ లేదని తల ఊపాను. నిజానికి అడగాలనే ఉంది. చదివి అర్థం చేసుకోవడం గురించి నాకు తెలిసింది ఇంతే: కొన్ని జవాబులు వాక్యంలో ఉంటాయి, వేలు పెట్టి చూపించవచ్చు. కొన్ని రెండు వాక్యాల మధ్య ఉంటాయి, కలుపుకోవాలి. కొన్ని చదివేవాళ్ల ఇంట్లో ఉంటాయి. ఆ మూడో రకానికి కిట్‌లో చోటెక్కడ అని అడగాలనుకున్నాను. అడిగేలోపు టీ వచ్చింది.

మా చార్టు తీయించింది అకడమిక్ కోఆర్డినేటర్. చెడ్డ మనిషి కాదు. గోదావరి జిల్లాల నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఎల్బీ నగర్‌లో స్థిరపడ్డ మనిషి. చార్టు తీసేముందు కాసేపు నిలబడి చదివారు కూడా.

"బాగుందండీ ఇది. పుంటికూర! మా పనమ్మాయి అంటుంది. కానీ స్టాండర్డ్ కాదు కదండీ. కిట్ వాళ్లు ఫోటోలు తీసుకుంటారంట. ఏమీ అనుకోకండేం?"

ఏమీ అనుకోలేదన్నట్టు తల ఊపాను. నా తల ఇట్లాంటి వాటికి చాలా ఉపయోగపడింది.

కిట్‌తో పాటే కొత్త ఏర్పాటు ఒకటి వచ్చింది. ఐదో తరగతి పిల్లలందరికీ ఒక పరీక్ష పెడతారు. చదివి అర్థం చేసుకోవడంలో వెనకబడ్డవాళ్లను ఫౌండేషన్ బ్యాచ్‌లో వేస్తారు. పేరు గొప్పగా ఉంది గానీ అది మేడ మీద రేకుల గది. అందులో కథల పీరియడ్ ఉండదు. చూచిరాత ఉంటుంది, డిక్టేషన్ ఉంటుంది. కింది తరగతుల్లో ఈ బ్యాచ్ ముందునుంచే ఉంది. ఆ గదిలోకి వెళ్లిన పిల్లలు మళ్లీ తమ తరగతికి రావడం నేను చూడలేదు. బడి మానేయడం మాత్రం చూశాను.

ఫలితాలు కంపెనీ నుంచి వచ్చాయి. వెనకబడ్డ పిల్లల పేర్ల పక్కన ఎర్రరంగు. అందులో ఒక పేరు చూసి, ఇంకొకరితో రోల్ నంబరు తారుమారైందేమో అనుకున్నాను.

ఆ పాప అంతకు ముందటి ఏడు మా బడికి వచ్చింది. సాగర్ రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం దాటి ఉన్న ఒక ఊరు వాళ్లది. తండ్రి చాలా ఏళ్ల నుంచి ఇక్కడే ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. పండ్ల మార్కెట్టు కొత్తపేటలో ఉన్నప్పుడు ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో పని ఉండేదట, అది తరలిపోయాక చీకటితో లేచి పోవాల్సి వస్తోంది. తల్లి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో చీరలకు ఫాల్స్ కుడుతుంది, పీకో చేస్తుంది. పాప మాటలపుట్ట. ఒకసారి సంచిలో నుంచి ఒంటి చెప్పు తీసింది. అంతకు ముందు ఆ చెప్పు తీసిన పిల్లలందరూ వానలో పోయింది, వరదలో పోయింది అని కథలు చెప్పారు. ఈ పాప చెప్పును అటూ ఇటూ తిప్పి చూసి నన్నే అడిగింది:

"టీచర్, గీ చెప్పు పోయినామె రెండోది తొడుక్కోని పోయిందా, ఇడిసిపెట్టి పోయిందా?"

"నువ్వే చెప్పు."

"తొడుక్కోనే పోయింటది. ఒక్క కాలన్న కాలకుంట ఉంటది గద."

అట్లాంటి పిల్ల పేరు పక్కన ఎరుపు. పేపరు చూపించమని అడిగాను. అడగడానికే ఒక పూట పట్టింది. కోఆర్డినేటర్ వెతికి ఇచ్చారు.

పరీక్షలో చదవమని ఇచ్చిన పేరా చిన్నది. అవ్వ వాకిట్లో చాప వేసుకుని కూర్చుంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. చీకటి పడుతోంది. రాళ్లు సరిగ్గా కనబడటం లేదు. పాప వచ్చి అవ్వ ఒళ్లో తల పెట్టుకుని, అవ్వా కథ చెప్పవూ అంది. అవ్వ నవ్వి మొదలుపెట్టింది. కథ సగంలో ఉండగానే అవ్వకు కునుకు పట్టింది. అంతే.

పాపకు కథ చెప్పింది ఎవరు అని మొదటి ప్రశ్న. అమ్మ, అమ్మమ్మ, అక్క, టీచర్ అని నాలుగు ఇచ్చారు. మా పాప 'అమ్మ' దగ్గర టిక్కు పెట్టింది. తప్పు. అవ్వ జుట్టు ఏ రంగులో ఉంటుంది? నల్లగ, అని రాసింది. తప్పు. రాళ్లు ఎందుకు కనబడలేదు? "పొద్దుగూకింది. అవ్వ పని మీదికెల్లి లేటుగ వచ్చింది." తప్పు. వయసు వల్ల చూపు తగ్గింది అని కీలో ఉంది. కునుకు ఎందుకు పట్టింది? "పొద్దంత మిషిన్ తొక్కి అలిసిపోయింది." తప్పు. ముసలితనం అని రాయాలి.

మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. మా వైపు అవ్వ అంటే కన్నతల్లి. మా నాన్న తన తల్లిని అవ్వా అనే పిలిచేవాడు. తల్లిదండ్రులను కలిపి అవ్వయ్యలు అంటాం. ఆ పాప పేరా అంతా తల్లి గురించే అనుకుని చదివింది. అట్లా చదివితే ఒక్క జవాబూ తప్పు కాదు. చీకటి పడుతోందని పేరాలోనే ఉంది, రాళ్లు కనబడకపోవడానికి అంతకంటే కారణం ఏం కావాలి? ఆ అవ్వ ముసలిదని పేరాలో ఎక్కడా లేదు. బొమ్మలో ఉంది. కిట్‌లో వచ్చిన అసలు కాగితం మీద రంగుల బొమ్మ, అవ్వకు వెండిలాంటి జుట్టు. పిల్లలకు ఇచ్చింది మా బడి జిరాక్సు. ఇంకు ముదురుగా పడి అవ్వ జుట్టు, చేట, ఆకాశం అన్నీ నల్లగా వచ్చాయి.

పేపరు చివర అవ్వ గురించి ఒక కథ రాయమన్నారు. పాప రాసింది ఇది. తర్వాత ఆ పేపరు కంపెనీకి వెళ్లిపోయింది కాబట్టి నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

"మా అవ్వ ఫాల్స్ కుట్టే దుకాన్ల పని చేస్తది. పొద్దుగూకినంక ఇంటికొస్తది. అవ్వ ఎంటికలల్ల దారాలు ఉంటయి. నేను ఏరుత. ఎర్రది దొరికితె ఇయ్యాల పెండ్లి చీర వచ్చిందా అవ్వా అంట. నీకెట్ల ఎరుకనే అంటది. అన్ని రంగులు చెప్త. ఒకనాడు ఒక్క దారం గూడ లేదు. దుకానం పోలేదా అని అడిగిన. దవఖానకు పోయిన అన్నది. ఎందుకు అంటె చెప్పలె. ఇగ ఏరెటందుకు ఏం లేదు. ఉత్తగనే తలల చెయ్యి పెట్టుకోని కూసున్న."

కింద ఎర్రసిరాతో కంపెనీవాళ్ల వ్యాఖ్య: పాత్ర వయసుకు తగినట్టు లేదు, సమస్యకు పరిష్కారం లేదు, నీతి లేదు, భాషాదోషాలు ఎక్కువ.

స్టాఫ్ రూములో రెండోసారి చదువుతుంటే సైన్సు మేడం చూసింది.

"ఏంది మేడం, కండ్లల్ల నీళ్లొస్తున్నయి?"

"జలుబు."

"గంత జలుబు చేసే కాయితమా? ఇటియ్యి."

చదివింది. తర్వాత కాగితం నా ముందు పెట్టి, "గిది దిద్దినోనికి అవ్వ లేదా?" అంది.

మర్నాడు కోఆర్డినేటర్ గదికి వెళ్లాను. చెప్పాల్సిన మాటలు ముందురోజు డైరీలో వరసగా రాసుకున్నాను. గదిలోకి వెళ్లగానే వరస పోయింది.

"మేడం, పాప పేపరు... అవ్వ అంటే మా వైపు అమ్మ అని..."

"కొంచెం గట్టిగా మాట్లాడండి మేడం. ఫ్యాను చప్పుడు."

గట్టిగా చెప్పాను. ఫ్యాను కన్నా గట్టిగా చెప్పడం ఆ గదిలో నాకు అదే మొదటిసారి. ఒక్క మాట వల్ల జవాబులన్నీ మారిపోయాయని, పాపకు పాఠం అర్థం కాకపోవడం కాదని, అందరికంటే బాగా అర్థమైందని చెప్పాను. ఆవిడ శ్రద్ధగానే విన్నారు.

"మా పక్కింట్లో రాయలసీమ వాళ్లు వాళ్ల అమ్మమ్మని అవ్వా అంటారండి. మాకు అవ్వ అంటే ముసలావిడే. ఇక్కడ అమ్మనంటారని నాకు ఇంతకాలం తెలీదు, చూడండి! కానీ మిగతా పిల్లలకి తెలిసింది కదండీ? వాళ్లూ ఇక్కడివాళ్లే కదా?"

"వాళ్లిండ్లల్ల అవ్వ అనే మాట పోయింది మేడం. మమ్మీ అంటరు. అందుకే పుస్తకాల్ల ఉండే అవ్వ ఒక్కతే వాళ్లకు తెలుసు. ఆ మాట ఇంట్ల ఉన్నది ఈ పాపకే. మాట తెలిసిన పిల్లకే తప్పు పడ్డది."

తొందరలో నేను కూడా మా ఇంటి మాటలో పడ్డాను. ఆవిడ చిన్నగా నవ్వారు.

"మీరన్నది కరెక్టేనండి. నాకు అర్థమైంది. కానీ కీ అంటే కీయే కదా. ఒకరికి మారిస్తే రేపు ఇంకొకరు వస్తారు. సరే, కంపెనీకి రాస్తాను."

రాశారు. కీలో ఇచ్చిన జవాబులే తీసుకోవాలని, అయితే బడి కోరితే పాపకు ఇంకొక పేపరు పెట్టవచ్చని జవాబు వచ్చింది. కోఆర్డినేటర్ దాన్ని నా విజయంలాగా చెప్పారు. "అడిగితే ఎంత బాగా రెస్పాండ్ అయ్యారో చూడండి. మీరు ఊరికే భయపడతారు." ఆ పేపరు కూడా పోతే పాప రేకుల గదికే. ఈలోపు తల్లిదండ్రుల సమావేశం వచ్చింది, సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి వచ్చింది.

తల్లి దుకాణంలో అడిగి పని మధ్యలో వచ్చింది. నేను ఊహించుకున్న దానికంటే చిన్న వయసు. కుర్చీ చివర కూర్చుంది. పాప ఆమె భుజానికి ఆనుకుని నిలబడింది. కోఆర్డినేటర్ చాలా మృదువుగా చెప్పారు. పిల్ల తెలివైనదని, కాకపోతే ఇంటి భాష రాస్తోందని, అమ్మను అవ్వ అని రాయడం వల్ల మొత్తం పేపరు తప్పు పోయిందని.

"గా ఒక్క మాటకేనా మేడం?"

"మాట ఒక్కటే కాదమ్మా, కాన్సెప్ట్ అంతా మారిపోతోంది కదా."

కాన్సెప్ట్ అనే మాటకు తల్లి ముఖం మాడిపోయింది. కూతురి వైపు తిరిగింది.

"ఎన్నిసార్లు చెప్పిన్నే నీకు? మమ్మీ అనుమని చెప్పిన్నా లేదా? ఊర్లె అలవాటైంది మేడం. నాయినమ్మ కాడ పెరిగింది. గీడ బిల్డింగ్ల గూడ అందరు నవ్వుతరు, అవ్వా అని మొత్తుకుంటె."

నేను అప్పుడు మాట్లాడాను. "అక్కా, ఆ మాట తప్పు కాదు. పాప ఎట్ల పిలిచినా ఏం కాదు. పేపర్ల సంగతి నేను చూసుకుంట."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది.

"మీకేంది మేడం, సదువుకున్నరు. మీరు అవ్వ అంటె ముద్దుగుంటది. మేమంటె మోటుగుంటది."

ఆమె పాప చేయి పట్టుకుని ముందుకు లాగింది.

"ఇయ్యాల్టి సంది మమ్మీ అను. అంటవా లేదా?"

పాప నా వైపు చూసింది.

"మేడం దిక్కు ఏం జూస్తున్నవ్? అను."

"మమ్మీ."

"వెరీ గుడ్" అన్నారు కోఆర్డినేటర్. నిజంగా సంతోషించారు. ఆవిడ సంతోషం చూసి తల్లి కూడా నవ్వింది. బిడ్డ ఏదో పరీక్ష అక్కడికక్కడే పాసైనట్టు.

కొత్త పేపరుకు పాపను తయారు చేసే పని నాదే. అన్నాల వేళ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పోస్టర్ చూపిస్తూ కథా పర్వతం నేర్పాను. ఈ గడిలో ఎవరు, ఈ గడిలో ఎక్కడ, ఈ గడిలో సమస్య. ఆమె డబ్బాలోని అన్నం తింటూ వినేది.

"టీచర్, అమ్మమ్మ అంటె కండ్లద్దాలు తప్పకుంట ఉండాల్నా?"

"ఉంటే మంచిది."

"మా నాయినమ్మకు లేవు. సూదిల దారం ఎక్కిస్తది."

"పేపర్ల మాత్రం పెట్టు."

"మరి నీతి?"

"చివరి గడిలో. ఒక్క లైను."

"ఏం నీతి?"

"పెద్దలకు సహాయం చేయాలి. అబద్ధం ఆడరాదు. ఏదన్నా ఒకటి."

"రెండిట్ల ఏది రాస్తె ఎక్కువ మార్కులొస్తయి?"

అట్లాంటి ప్రశ్న ఆ పాప నన్ను అంతకు ముందు అడగలేదు. ఇక ఆమె గురించి భయం లేదని అప్పుడే తెలిసింది. తెలివైన పిల్ల. కిట్‌కు ఏం కావాలో నాకంటే తొందరగా పట్టుకుంది.

కొత్త పేపరులో ఆమె రాసిన కథ నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. గుర్తు పెట్టుకోవడానికి కష్టపడాల్సిన పని లేదు. అనగనగా ఒక ఊరిలో ఒక అమ్మమ్మ ఉండేది. ఆమె జుట్టు తెల్లగా ఉండేది. ఒక రోజు ఆమె కళ్లజోడు పోయింది. మనవరాలు వెతికి ఇచ్చింది. అమ్మమ్మ చాలా సంతోషించింది. నీతి: పెద్దలకు సహాయం చేయాలి.

ఈసారి పేపరు దిద్దే పని బడికే వదిలేశారు కాబట్టి నేనే దిద్దాను. కీ పక్కన పెట్టుకుని చూశాను. పాత్ర ఉంది, సమస్య ఉంది, పరిష్కారం ఉంది, నీతి ఉంది. భాషాదోషం ఒక్కటీ లేదు. పూర్తి మార్కులు పడ్డాయి. పాప తన తరగతిలోనే ఉండిపోయింది. మేడ మీది గదికి వెళ్లలేదు. నేను కోరుకున్నది ఇదే, జరిగింది.

కోఆర్డినేటర్ రెండు పేపర్లనూ పక్కపక్కన పెట్టి ఫోటో తీశారు. కిట్ నేర్పకముందు, కిట్ నేర్పాక. "చూశారా మేడం, ఎంత మార్పో! మీరు చెప్పిన విధానం కూడా రాసి పంపుతున్నాను" అన్నారు. కంపెనీవాళ్లు దాన్ని ఇంకెన్నో బడులకు చూపిస్తారట. దారాల కథ అట్లా ఊరంతా తిరుగుతుంది, ఇట్లా రాయకూడదు అని చెప్పడానికి.

తర్వాత ఒక మధ్యాహ్నం, కిట్ పని తొందరగా అయిపోతే, బీరువా వెనక దాచిన గుడ్డసంచి తీశాను. పిల్లలు గోల చేశారు. పాప వంతు వచ్చింది. చేయి పెట్టి తాళం తీసింది. అటూ ఇటూ తిప్పింది. నేను ఎదురుచూస్తున్నాను.

"దీనికి ఆన్సర్ ఏంది టీచర్?" అంది.

"ఆన్సర్ లేదమ్మా. నువ్వు ఏం చెప్తే అదే."

కొంచెంసేపు ఆలోచించి తాళం మళ్లీ సంచిలో వేసింది. "వేరేది తీయనా? దీనికి నీతి రాదు" అంది. వెనక బెంచీ వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆమె దిగులుగా ఏమీ లేదు. దిగులుగా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి, బడిలో ఆ దిగులుకు ఎక్కడా గడి లేదు.

ఆ సాయంత్రం గేటు డ్యూటీ నాది. తల్లులు రోడ్డు అవతల, హాస్టల్ మెట్ల దగ్గర గుంపుగా నిలబడతారు. పాప వాళ్లమ్మ కూడా వచ్చింది, ఎప్పుడో గానీ రాదు. పాప గేటు దగ్గర నుంచే ఆమెను చూసి బ్యాగు ఎగరేసుకుంటూ పిలిచింది.

"మమ్మీ!"

నలుగురైదుగురు ఆడవాళ్లు తిరిగి చూశారు. వాళ్లమ్మ చూడలేదు. ఫోన్‌లో లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. పిల్లలు వచ్చే వైపు కాకుండా మెట్రో వంతెన వైపు చూస్తూ ఊరికే నిలబడి ఉంది. ఆ పిలుపు తనకని ఆమెకు తట్టలేదు. పాప ఇంకోసారి "మమ్మీ" అంది, ఈసారి నెమ్మదిగా, నా వైపు ఒకసారి చూసి. వాళ్లమ్మ అప్పుడూ తిరగలేదు. పాప ఇక పిలవలేదు. ఆటోలు ఆగేదాకా నిలబడి, రోడ్డు దాటి వెళ్లి ఆమె కొంగు పట్టుకుని లాగింది.